జిలానీ వ్యాను చప్పుడు

మా తాత మస్తాన్‌రావుకి దేవుడు మంచి చెవులిచ్చాడు. వినయం ఇవ్వడం మాత్రం మరిచిపోయాడు. గురజాల నుంచి మాచర్ల పోయే రోడ్డు పక్కన నాపరాళ్లు నిలబెట్టి, పైన రేకులు కప్పిన షెడ్డులో నలభై మూడేళ్లు కూర్చుని, వచ్చే పోయే బండ్లన్నిటి మీదా అడగకుండానే తీర్పులు చెప్పేవాడు. "ఆ స్కూటరుకి గాలెక్కువైంది." "ఆ జీపులో ఒక సిలిండరు పండుకుంది, మిగతా మూడూ దాన్ని మోస్తన్నయ్." చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే అనేవాడు. చాలాసార్లు అది నిజమయ్యేది. అక్కడే వచ్చింది చిక్కంతా.

పెట్రోల్లో గాలి కలిపి ఇంజనుకు అందించే కార్బ్యురేటరు ఉన్న పాత బండ్లంటే ఆయనకు ప్రాణం. ఇప్పటి బండ్లకు కంప్యూటరు తగిలించి జబ్బు చూసేవాళ్లను మెకానిక్కులని ఒప్పుకునేవాడు కాదు, చీటీలు చదివేవాళ్లు అనేవాడు. ఇంజనుకు మాటలొచ్చునని, వినేవాడుంటే అదే చెబుతుందని ఆయన నమ్మకం. బండి పేలుతోందని ఎవరొచ్చినా మొదట ఒకటే ప్రశ్న.

"ముందు పేలుద్దా, ఎనక పేలుద్దా?"

ముందు పేలడమంటే కార్బ్యురేటరు మూతిలోంచి తుమ్మినట్టు కొట్టడం. అది ఆకలి. పెట్రోలు చాలక, గాలి ఎక్కువై ఇంజను తుమ్ముతోందన్నమాట. వెనక, సైలెన్సరులో పేలితే అజీర్తి. లోపల కాలకుండా మిగిలిన పెట్రోలు గొట్టంలోకి పోయి, అక్కడ గాలి తగిలి అంటుకుంటోందన్నమాట. ఇది తేలాక, నడుస్తున్న ఇంజను మీదికి వంగి కార్బ్యురేటరు మూతిని అరచేత్తో సగం మూసేవాడు. గాలి తగ్గి ఇంజను కుదుటపడితే ఆకలేనని తేల్చేవాడు. బండి వణుకుతుంటే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూసేవాడు. వైరు పీకితే వణుకు ఎక్కువైందా, ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. పీకినా తేడా రాలేదా, అదే దొంగ.

"పనిచేసేవోణ్ణి ఇంటికి పంపితే తెలుస్తది. పండుకున్నోణ్ణి పంపితే ఏం తెలుస్తది?" అనేవాడు.

ఆయన దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ ఒకే పాఠం. ఒకసారికి ఒకటే మార్చు. మార్చి, బండెక్కి, రోడ్డు మీద తిప్పి చూడు. తర్వాత ఇంకోటి. రెండూ కలిపి మారిస్తే ఏ మందుకు జ్వరం తగ్గిందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. బండిలోంచి తీసిన పాత సామాను ఒక్క మేకు కూడా ఉంచుకునేవాడు కాదు. అన్నీ గుడ్డలో పెట్టి, పిడికిలంత మూట కట్టి, ఇనుప తీగతో గట్టిగా బిగించి బండి యజమాని చేతిలో పెట్టేవాడు. కొత్తది వేశానని చెప్పి పాతదే తుడిచి పెట్టాడని రేపు ఎవరూ అనకూడదని.

"ఇంజన్లన్నీ చెప్పేది ఇంటావు గానీ, ఇంట్లో మిక్సీ కూడా మూడు నెలల్నించి ఏదో చెప్తా ఉంది, ఇంటావా?" అనేది నాయనమ్మ సుబ్బరత్నం.

"దానికి కార్బ్యురేటరు లేదే."

"నాకూ లేదు, అందుకేగా."

జిలానీ వ్యాను తాత షెడ్డుకు ఇంటి మనిషి లాంటిది. పాతకాలపు మారుతి వ్యాను, మూడు సిలిండర్లది. జిలానీ పెళ్లిళ్లకు, సభలకు షామియానాలు, కుర్చీలు, వంట పాత్రలు అద్దెకిచ్చేవాడు. ఆ మండలంలో ఏ పార్టీ మీటింగు జరిగినా జనం కూర్చునేది అతని కుర్చీల్లోనే. అందుకని అతనికి పార్టీ లేదు. మా తాతను మామా అని, నాయనమ్మను అత్తా అని పిలిచేవాడు. ఇంజను బాగున్నప్పుడు కూడా వచ్చి షెడ్డులో కూర్చునేవాడు.

మాఘమాసంలో ఒకరోజు సైలెన్సరు గొట్టం ఇంజనుకు కలిసే చోట, జాయింటులో సందు లేకుండా మూసే గ్యాస్కెట్టు కాలిపోయింది. సాయంత్రానికి పెళ్లి సామాను దింపాలి. గ్యాస్కెట్టు నరసరావుపేట నుంచి రావాలి. తాత ఇంట్లోకి పోయి నాయనమ్మ ఖాళీ నూనె డబ్బా పట్టుకొచ్చి, దాని రేకు కత్తిరించి, రెండు మడతలు పెట్టి జాయింటులో బిగించాడు.

"రెండ్రోజులకి ఇది సరిపోద్దిరా. తర్వాత అసలుది ఏద్దాం."

ఆ రెండ్రోజులు నాలుగు నెలలయ్యాయి.

చైత్రం వచ్చేసరికి వ్యాను నిలబెట్టి ఉంచితే వణకడం మొదలైంది. వేగంగా పోతూ యాక్సిలరేటరు వదిలితే వెనక ఒక్కసారి పేలేది. జిలానీ రెండుసార్లు వచ్చి చెప్పాడు. తాత ఇంజను మూతయినా ఎత్తలేదు.

"కార్బ్యురేటరురా. కిట్టు బెజవాడ నుంచి రావాలి. అప్పటిదాకా పెళ్లోళ్లకి టపాకాయల ఖర్చు మిగులుద్దిలే."

జిలానీ నవ్వాడు. తాత కూడా నవ్వాడు. ముందా వెనకా అన్న ప్రశ్న ఆ రోజు ఆయన ఎవరినీ అడగలేదు.

ఎలక్షన్ల కౌంటింగు అయిన వారం పల్నాడులో ఎండ ఒక్కటే ధైర్యంగా బయట తిరిగింది. ఊళ్లలో నూట నలభై నాలుగు సెక్షను. నలుగురు కలిసి నిలబడకూడదు. అరుగుల మీద మాటలు లేవు. అలాంటి రోజున, పొద్దున పదింటికి, జిలానీ ఖాళీ పాత్రలు తేవడానికి రావులగుంట పోయాడు. ఊరు దాటే చోట స్పీడు బ్రేకరు చూసి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీశాడు. వ్యాను ఢామ్మని పేలింది. కంగారుపడి మళ్లీ తొక్కి వదిలాడు. ఈసారి ఇంకా గట్టిగా పేలింది. సైలెన్సరులోంచి నల్లటి పొగ, జానెడు మంట వచ్చాయి.

ఇంకో జిల్లాలో అయితే జనం వ్యానును తిట్టి ఊరుకునేవాళ్లు. రావులగుంటలో ఆ చప్పుడుకు ఒక్కటే అర్థం. తలుపులు మూసుకున్నాయి. అరుగు మీద చింతపండు గింజ తీస్తున్న గురవమ్మ అనే ముసలామె లేచి పరిగెత్తబోయి నాపరాతి మెట్ల మీద పడింది. తుంటి ఎముక విరిగింది. "బాంబేశారు, వ్యానులోంచి బాంబేశారు" అని ఎవరో అరిచారు. రాళ్లు పడ్డాయి. వెనక అద్దం పగిలింది. జిలానీ దిగి చెబుదామనుకున్నాడు గానీ వాళ్ల మొహాలు చూశాక దిగలేదు. అక్కడి నుంచి నేరుగా తాత షెడ్డుకు వచ్చి పడ్డాడు.

"మామా, ముందు దీని నోరు మూయించు. నీ కాళ్లు పట్టుకుంటా."

తాత నలభై మూడేళ్లలో ఎప్పుడూ చేయని పని ఆ మధ్యాహ్నం చేశాడు. అన్నీ ఒకేసారి విప్పాడు. కోపంతో విప్పాడు, సిగ్గుతో విప్పాడు. రెండు నెలల కిందటే వచ్చి మూలన పడున్న కిట్టులోంచి కార్బ్యురేటరులో ఉండే పలుచటి రబ్బరు పొర, డయాఫ్రం, కొత్తది వేశాడు. మూడు ప్లగ్గులూ మార్చాడు. నిప్పురవ్వను సమయానికి పంపే పాయింట్లు మార్చి టైమింగు సరిచేశాడు. చివరికి బండి కింద దూరి సైలెన్సరు జాయింటు విప్పాడు.

నూనె డబ్బా రేకు చేతిలోకి వచ్చింది. ఒక అంచు కాలి, చిల్లిపడి, ఆ చిల్లు చుట్టూ మసి గీత పట్టి ఉంది. గాలి ఎక్కడి నుంచి లోపలికి పోయిందో, ఆ మసి వేలుపెట్టి చూపిస్తోంది. తాత బండి కిందే కాసేపు పడుకుని దాన్ని చూశాడు. తర్వాత, ఎప్పుడో తెప్పించి పెట్టుకున్న అసలు గ్యాస్కెట్టు బిగించి, రేకును మిగతా సామానుతో కలిపి గుడ్డలో కట్టి, తీగ చుట్టి, అలవాటు ప్రకారం వ్యాను సీటు కింద పెట్టాడు.

"ఏంది మామా జబ్బు?" అన్నాడు జిలానీ.

"కార్బ్యురేటరు," అన్నాడు తాత.

వ్యాను స్టార్టు చేస్తే కుట్టుమిషను నడిచినట్టు నడిచింది. తాత జీవితంలో చేసిన మంచి పనుల్లో అదొకటి. జిలానీని జైలుకు పంపింది కూడా అదే.

సాయంత్రం అయిదింటికి పోలీసు జీపు వచ్చింది. ఎస్సై అమరేశ్వరరావు మరీ చెడ్డవాడేం కాదు. వారం నుంచి నిద్రలేక కళ్లు ఎర్రబడ్డ మనిషి. జిలానీ చెప్పిందంతా విన్నాడు.

"సరే. బండి పేలిందన్నావుగా. పేల్చి చూపించు."

జిలానీ ఎక్కి రోడ్డు మీద నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పాడు. తొక్కాడు, వదిలాడు. వ్యాను పిల్లిలా గురగురలాడింది తప్ప ఒక్కసారి కూడా దగ్గలేదు.

"బాగు చేశాను సార్," అన్నాడు తాత.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. రెండు గంటలకి."

"గొడవ పదింటికి. రిపేరు రెండింటికి. బాగానే ఉంది. ఏంది దాని జబ్బు?"

రేకు సంగతి తాత నోటి చివర దాకా వచ్చింది. నాలుక మీద నూనె డబ్బా రేకంత బరువు. ఎదురుగా నలుగురు కానిస్టేబుళ్లు, టీ కొట్టువాళ్లు, రోడ్డు మీద ఆగిన జనం. అందరూ ఎప్పుడో ఒకప్పుడు తమ బండి గురించి తాత చేత తిట్లు తిన్నవాళ్లే.

"కార్బ్యురేటరు సార్."

ఎస్సై అక్కడే ఫోను తీసి, అదే రోడ్డులో అర కిలోమీటరు అవతల కంప్యూటరు పెట్టుకుని షాపు నడుపుతున్న భానుప్రకాష్‌కు చేశాడు. అందరికీ వినపడేట్టు పెట్టాడు.

"కార్బ్యురేటరు పాడైతే ముందు తుమ్ముద్ది సార్," అంది ఫోను. "ఎనక మంటొచ్చిందంటే అది వేరే. ముందా ఎనకా అనేది మొదట చూడాలి. మా గురువుగారు మస్తాన్‌రావే నాకు నేర్పింది."

ఎవరో కిసుక్కుమన్నారు. తాత నేల చూశాడు.

ఇంతలో ఒక కానిస్టేబులు సీటు కింద చెయ్యిపెట్టి చటుక్కున వెనక్కి దూకాడు. గుడ్డమూట. పిడికిలంత. చుట్టూ ఇనుప తీగ. అందరూ పది అడుగులు వెనక్కి తగ్గారు. "పాత సామాను సార్, నేనే కట్టా," అని తాత అరుస్తూనే ఉన్నాడు. బకెట్టులో నీళ్లు తెప్పించి, కర్రతో మూటను అందులోకి తోసి, పావుగంట ఆగి విప్పారు. పంచనామాలో "గుడ్డలో తీగతో చుట్టిన ఇనుప ముక్కలు కొన్ని" అని రాసుకున్నారు. ఇనుప ముక్కలు, రేకు, తీగ, గుడ్డ. పల్నాడులో ఆ నాలుగూ ఒకచోట ఉంటే అది మరమ్మతు కాదు. జిలానీని జీపెక్కించారు. వ్యాను కూడా పోయింది.

మర్నాటి నుంచి తాత ఊరంతా తిరిగాడు. బాంబు కాదు, కార్బ్యురేటరు అని కనపడినవాళ్లకల్లా చెప్పాడు. రావులగుంటలో ఒక పార్టీవాళ్లకు తమ మీద బాంబు పడటం కావాలి. ఇంకో పార్టీవాళ్లకు తమవాడు వేశాడని ఎదుటివాళ్లు భయపడటం కావాలి. వ్యాను పేలింది అన్న మాట ఇద్దరికీ పనికిరాలేదు. పైగా కార్బ్యురేటరు అంటే భానుప్రకాష్ చెప్పిన మాట పోలీసు కాగితాల్లో ఉంది. తాత ఎంత గట్టిగా చెబితే అంత అబద్ధంలా వినపడింది.

రేకు సంగతి చెబితే సరిపోయేది. ఆ సంగతి తాతకు రోజూ గుర్తొచ్చేది. రోజూ రేపటికి వాయిదా వేసేవాడు. నలభై మూడేళ్లు ఇంకొకరి నాసిరకం పని మీద ఉమ్మేసిన నోటితో, నేను నూనె డబ్బా కత్తిరించి బిగించానని ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు. తెలియలేదనడం నా మర్యాద. చెప్పడం ఇష్టంలేదు.

జిలానీకి బెయిలు రాలేదు. పేలుడు సామాను కేసు. ప్లీడరు పట్టాభిరామయ్య చివరికి ఒక దారి చూశాడు. పాత సామాను మళ్లీ బిగించి, రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు ముందు వ్యానును పరీక్షించాలని కోర్టులో అర్జీ పెట్టాడు. ఒప్పుకున్నారు. అప్పటికి నలభై రోజులు.

స్టేషను ఆవరణలో, పట్టుబడ్డ ట్రాక్టర్ల పక్కన వ్యాను నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టరుగా వచ్చింది తేజస్వి అనే అమ్మాయి. ఖాకీ చొక్కా, చేతిలో అట్ట, చెవి వెనక పెన్ను.

"అన్నీ ఒకేసారి వద్దు పెద్దాయనా," అంది వచ్చీరాగానే. "ఒకటి బిగించండి, తిప్పి చూద్దాం. తర్వాత ఇంకోటి. కలిపేస్తే దేనివల్లో నేను రాయలేను."

తాత తలెత్తి ఆమెను చూశాడు. తన పాఠమే. ఈ పిల్లకు ఎవరు నేర్పారో.

సీలు వేసిన మూట విప్పి కాగితం మీద పరిచారు. మూడు ప్లగ్గులు, పాయింట్లు, డయాఫ్రం, రెండు స్ప్రింగులు, తీగ. పక్కనే మడిచిన రేకు. తేజస్వి అట్ట మీద తేదీ రాస్తోంది. ఎస్సై ఫోనులో ఉన్నాడు. పంచనామాలో "ముక్కలు కొన్ని" అని మాత్రమే ఉంది కాబట్టి లెక్క అడిగేవాడు లేడు. తాత చెయ్యి దానంతటదే పోయినట్టు పోయి, రేకును తీసి చొక్కా జేబులో వేసుకుంది.

పాత డయాఫ్రం బిగించాడు. ఎక్కి, ఆవరణంతా తిప్పి, తొక్కి వదిలాడు. చప్పుడు లేదు. పాత ప్లగ్గులు వేశాడు. ఇంజను వణికింది, చప్పుడు లేదు. పాత పాయింట్లు వేశాడు. వణికి, రెండుసార్లు ఆగిపోయింది. చప్పుడు మాత్రం లేదు. ప్రతిసారీ తాత మనసులో దేవుడికి మొక్కుకున్నాడు. ఇదే కావాలి, ఇదే కావాలి, ఆ రేకు కాకూడదు అని. ఇంజను ఆయన మాట వినలేదు.

ఒంటిగంటయింది. తేజస్వి పెన్ను మూత తీసింది.

"రఫ్‌గా నడుస్తోంది గానీ పేలడం లేదండీ. నేను ఉన్నది ఉన్నట్టే రాయాలి."

"ఒక్క అయిదు నిమిషాలమ్మా," అన్నాడు తాత. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు.

అప్పటిదాకా గోడ నీడలో కూర్చున్న నాయనమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని వచ్చింది. ఇచ్చి పోలేదు. దగ్గరికి జరిగి చిన్నగా అంది.

"చొక్కా జేబుకి మసేందయ్యా?"

"ఏం లేదు. పో."

"నా డబ్బా రేకేగా."

తాత మజ్జిగ తాగలేదు, గ్లాసు వెనక్కీ ఇవ్వలేదు.

"నలభై రోజుల్నించి నిద్దట్లో కూడా కార్బ్యురేటరు, కార్బ్యురేటరు అంటన్నావు. నిజాన్ని అంతగా ఎవురూ కలవరించరు."

"పేరు పోద్దే."

"యాడుంది నీ పేరు? షెడ్డు బోర్డు మీద. అదీ సగం తుప్పు తింది. ఆ పిల్లోడు జైల్లో ఉండాడు. నువ్వు తీస్తావా, నన్ను తియ్యమంటావా?"

తాత గ్లాసు కింద పెట్టి జేబులో చెయ్యి పెట్టాడు.

"అమ్మా, ఇంకోటుంది."

తేజస్వి రేకు వంక చూసింది, జేబు వంక చూసింది, ఆయన మొహం వంక చూసింది.

"ఇదెక్కడిది?"

"మూటలోదే."

"జేబులోకి ఎట్లా పోయింది?"

"నేనే పెట్టుకున్నా."

ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టుకుంది. మసి కింద పసుపు రంగు అక్షరాలు సగం మిగిలున్నాయి. "ఇదేంటి, వేరుశెనగ అని ఉంది?"

"నూనె డబ్బా."

"సైలెన్సరు జాయింటుకి నూనె డబ్బా రేకు వేసిన మహానుభావుడెవరు?"

ట్రాక్టర్ల దగ్గర నిలబడ్డ కానిస్టేబుళ్లు నవ్వారు. తాత నవ్వు ఆగేదాకా ఆగి చెప్పాడు.

"నేనే."

బిగించాడు. ఎక్కాడు. గేరు వేసి, ఆవరణ చివరి నుంచి బాగా తొక్కుకుంటూ వచ్చి, మధ్యలో కాలు తీసేశాడు.

ఢాం.

ఒక కానిస్టేబులు ట్రాక్టరు కింద దూరాడు. ఇద్దరు గోడకు అతుక్కుపోయారు. ఎస్సై అమరేశ్వరరావు ఫోను వదిలేసి నేల మీద పడుకుని, నడుముకున్న తుపాకీ కోసం తడుముకుంటున్నాడు. ఏ చప్పుడు వస్తుందో, ఎందుకు వస్తుందో ముందే తెలిసి నిలబడినవాళ్లు వాళ్లంతా. సైలెన్సరు చివర మంట ఒకసారి నాలుక చాపి లోపలికి పోయింది. నాయనమ్మ ఒక్కతే కదలకుండా నిలబడి ఉంది. తేజస్వి చెవి మీద నుంచి చెయ్యి తీసి రాయడం మొదలుపెట్టింది.

"ఎందుకు పేలిందో మీ మాటల్లో చెప్పండి."

"పాత ప్లగ్గుల్తో పెట్రోలు సగం కాలకుండా గొట్టంలోకి పోతంది. పోయినా గాలి లేకపోతే అంటుకోదు. ఈ రేకు చిల్లులోంచి గాలి లోపలికి పోయింది. ఈ రేకు లేకపోతే వణికేది గానీ పేలేది కాదు."

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమె కాగితంలో లేదు. తాత తల తిప్పుకున్నాడు, ఆమె రెట్టించలేదు. కాగితం చివర మాత్రం ఉంది: నాణ్యత లేని మరమ్మతు వలన పేలుడు శబ్దం, మరమ్మతు చేసినవారు మస్తాన్‌రావు. తాత కింద సంతకం పెట్టాడు.

అయిదు రోజులకు జిలానీకి బెయిలొచ్చింది. కేసు పూర్తిగా పోలేదు. పిలిచినప్పుడల్లా పోయి నిలబడాలి.

ఊళ్లో తాతకు కొత్త పేరొచ్చింది, నూనెడబ్బా మస్తాను. షెడ్డు ముందు ఆగే బండ్లు తగ్గాయి. ఆగినవాళ్లు కూడా "మామా, ఏ నూనె ఏస్తావు, వేరుశెనగా, పామాయిలా?" అని అడిగి పోయేవాళ్లు. తాత రోడ్డు మీద పోయే బండ్లకు తీర్పులు చెప్పడం మానేశాడు. చెవులు మాత్రం మానలేదు. ఏదన్నా బండి వణుకుతూ పోతే తల తిరిగేది, నోరు తెరుచుకునేది, మళ్లీ మూసుకునేది.

ఒకరోజు రావులగుంట పోయి గురవమ్మను చూసొచ్చాడు. ఆమె మంచం మీదే ఉంది. పక్కకు తిరగాలన్నా ఇంకొకరు రావాలి.

"బాంబు కాదంట గదయ్యా?" అంది.

"కాదమ్మా. బండి పేలింది."

ఆమె పైకప్పు వంక చూస్తూ అంది.

"మరి నేనెందుకు పరిగెత్తా?"

తాత తీసుకుపోయిన అరటిపళ్లు మంచం కింద పెట్టి వచ్చేశాడు.

జిలానీ వచ్చింది ఆ తర్వాత వారం. కోర్టు కాగితం చూపించి వ్యానును విడిపించుకున్నాడు. పరీక్షకు బిగించిన పాత సామానే ఇంకా అందులో ఉంది. స్టార్టు చేయలేదు. చేస్తే ఎక్కడ పేలుతుందోనని, బావమరిదిని తోడు తెచ్చుకుని స్టేషను నుంచి ట్రాక్టరుకు కట్టి లాగించుకొచ్చాడు. షెడ్డు ముందుకు రాగానే తాడు విప్పి ట్రాక్టరును పంపేశాడు.

తాత అప్పటికే కొత్త గ్యాస్కెట్టు, కొత్త ప్లగ్గులు, అన్నీ బల్ల మీద వరసగా పేర్చి ఉంచాడు. వస్తాడని నాలుగు రోజులుగా అవి అలాగే ఉన్నాయి. లేచి ఎదురెళ్లాడు.

"రారా అల్లుడూ. లోపలికి తోయి. గంటలో పంపిస్తా."

జిలానీ చాలా చిక్కిపోయాడు. గడ్డం నెరిసింది. లోపలికి రాలేదు.

"మామా, ఒక్కటి చెప్పు. పోలీసులొచ్చిన రోజు, నా పక్కన నిలబడి కార్బ్యురేటరు అన్నావు చూడు. అప్పుడు నీకు రేకు సంగతి తెలుసా?"

నాయనమ్మ ఇంట్లోంచి వచ్చి గుమ్మంలో ఆగింది. తాతకు అబద్ధం చెప్పే వీలుంది. వ్యాను కిందికి దూరింది ఆయనొక్కడే. మసి గీత చూసింది ఆయనొక్కడే.

"తెలుసు," అన్నాడు.

జిలానీ తల ఊపాడు. కోపంగా కాదు, దారి అడిగితే ఎవరో చెప్పినప్పుడు ఊపినట్టు.

"జైల్లో అందరూ నవ్వారు. వెనక మంటొస్తే కార్బ్యురేటరు ఏందిరా అన్నారు. నా బిడ్డ మీద ఒట్టేశా. మా మామ అన్నాడంటే అది కార్బ్యురేటరే అని ఒట్టేశా."

జిలానీ స్టీరింగు పక్కకు పోయి, ఒక చెయ్యి కిటికీలోంచి పెట్టి, బావమరిదికి సైగ చేశాడు. ఇద్దరూ వ్యానును ముందుకు తోయడం మొదలుపెట్టారు. షెడ్డులోకి కాదు. రోడ్డు మీదుగా, అవతల భానుప్రకాష్ షాపు వైపు.

ఆ రోడ్డు అక్కడ కొంచెం ఎత్తు. తాత గబగబా నడిచి వెనక పగిలిన అద్దం కింద రెండు చేతులూ ఆనించాడు.

జిలానీ ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు.

"చేతులు తియ్యండి, మస్తాన్‌రావు గారూ."

తాత చేతులు తీశాడు. వాళ్లిద్దరూ బండిని కాసేపు నిలబెట్టి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ తోశారు. ఎండ బాగా ఉంది. ఆ ఎత్తు మీద ఇద్దరు మనుషులకు వ్యాను బరువే.